కాసిపేటకు చేరిన అమానతు

తెలంగాణలో రైలు ప్రయాణాలు చేసేవారికి కాజీపేట గురించి వేరుగా చెప్పనక్కరలేదు. కాసిపేట అంటే మాత్రం చాలామంది కాజీపేట అనే వింటారు. "దర్గా ఉన్న ఊరే కదా, పెద్ద జంక్షన్ కదా" అని అడుగుతారు. కాదు. కాజీపేట ఓరుగల్లు పక్కన ఉంది. మా కాసిపేట గోదావరి దాటిన తరువాత, మంచిర్యాల జిల్లాలో, మందమర్రి బెల్లంపల్లి పట్టణాలకు చేరువలో ఉంది. జాతీయ రహదారిని సోమగూడెం వద్ద వదిలి లోపలికి వెళితే ఒకవైపు బొగ్గుగని, మరోవైపు పత్తి చేలు, వాటి వెనుక టేకు అడవి కనిపిస్తాయి. ఇంకొంత దూరం పోతే దేవాపూర్ సిమెంటు కర్మాగారం వస్తుంది. గోండులు, నాయకపోడ్‌లు తరతరాలుగా నివసిస్తున్న నేల ఇది. తరువాతి కాలంలో పని వెదుక్కుంటూ వచ్చినవారికీ ఈ నేల చోటిచ్చింది. అలా వచ్చినవారిలో మా నాన్నగారు ఒకరు.

ఈ ప్రాంతపు కథ బొగ్గుతో ముడిపడి ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. నేటికీ ఆ తేదీన బొగ్గు పట్టణాలన్నీ సింగరేణి దినోత్సవం జరుపుకుంటాయి. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీని తన అధీనంలోకి తెచ్చుకుంది. నేడు అందులో 51 శాతం వాటా తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. దక్షిణాన ఇల్లందు, కొత్తగూడెం మొదలుకొని ఉత్తరాన గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వరకు గోదావరి లోయ పొడవునా ఈ గనులు విస్తరించి ఉన్నాయి.

ఇక్కడివారు గనిని 'బాయి' అంటారు. బయటివారికి బావి అంటే నీరు. ఇక్కడ బాయి అంటే అన్నం. "మీ అబ్బా ఏ బాయిలో?" అన్నది మా బాల్యంలో మమ్మల్ని అందరూ అడిగిన మొదటి ప్రశ్న. హాజరు వేయించుకోవడాన్ని మస్టరు పడటం అంటారు. బొగ్గు ఎత్తే ఇనుప గంపను తట్ట అంటారు, ఎత్తే పారను చెమ్మస్ అంటారు. మూడు షిఫ్టులకు మూడుసార్లు సైరన్ మోగుతుంది. మా ఇళ్లలో నమాజు వేళల లెక్క ఒకటి, షిఫ్టుల లెక్క మరొకటి. ఈ రెండింటి మధ్యనే వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ సర్దుకునేవి. అబ్బా తెల్లవారుజామున ఫజ్ర్ ముగించుకుని టిఫిను డబ్బాతో బయలుదేరితే, తిరిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే శబ్దం వినిపించేవరకు అమ్మీ పెదవుల మీద జిక్ర్ ఆగేది కాదు.

బొగ్గు పట్టణాలకు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఇక్కడ ఇల్లు ఎవరిదీ కాదు. క్వార్టర్ కంపెనీది. ముప్పై ఏళ్లపాటు అందులో పిల్లలు పుడతారు, పెరుగుతారు, పెళ్లిళ్లవుతాయి. గోడ పక్కన నాటిన మునగ చెట్టు పైకప్పును దాటుతుంది. పదవీ విరమణ అనంతరం ఒకనాడు తాళం చెవి అప్పగించాలి. సామాను లారీలోకి ఎక్కుతుంది. మంచాలు, బీరువా, కుట్టుమిషను, కుండీల్లోని తులసి, గులాబీ సహితం ఎక్కుతాయి. పిల్లి మాత్రం ఎక్కదు. కొత్త ఊరిలో అది ఉండదనో, దారిలో పారిపోతుందనో, ఎలుకలు పట్టుకుని ఎలాగో బతికేస్తుందనో చెప్పుకుంటారు. లారీ మలుపు తిరిగాక అది మూసిన తలుపు ముందుకు వచ్చి కూర్చుంటుంది. మందమర్రి కాలనీల్లో ఇటువంటి పిల్లులను మేము చిన్నతనం నుండీ చూస్తున్నాము. మనిషిని చూసి పారిపోనిది, కాళ్లకు రాసుకునేది, పేరు పెట్టి పిలిస్తే తోక నిలువుగా ఎత్తి పరుగెత్తుకు వచ్చేది వీధిలో పుట్టిన పిల్లి కాదు. అది ఒకనాడు ఒక ఇంటిలో పెరిగినది.

మా నాన్నగారు పదవీ విరమణ పొందాక మందమర్రి క్వార్టర్ ఖాళీ చేసి, తాను పనిచేసిన బాయికి దగ్గరలోనే కాసిపేటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. "జీవితమంతా కంపెనీ కప్పు కింద పడుకున్నాను, చివరి నిద్ర నా కప్పు కింద" అనేవారు. అల్లాహ్ ఆ కోరిక తీర్చాడు. ఆయన పోయాక అమ్మీ ఆ ఇంటిలో ఒంటరిగా మిగిలారు. మేము ముగ్గురం తోబుట్టువులం. ఒకరు కరీంనగర్‌లో, ఇద్దరం హైదరాబాద్‌లో ఉంటున్నాము. మా వద్దకు రమ్మని ఎన్నిసార్లు కోరినా ఆమె ఒకే మాట అనేవారు: "ఖబ్రస్తాన్ ఇక్కడ, నా వంటిల్లు ఇక్కడ. నేనెక్కడికి రాను, బేటా?"

ఆ మాటల మధ్యలోనే ఒకనాడు ఫోనులో ఆమె, మందమర్రి క్వార్టర్ గుమ్మంలో కూర్చునే పాత పిల్లి కలలోకి వచ్చిందని చెప్పారు. అబ్బా రాత్రి షిఫ్టుకు వెళ్లినప్పుడు అది ఆమె కాళ్ల వద్ద పడుకునేదట. చాలా ఏళ్ల క్రితమే చనిపోయిన పిల్లి అది. ఆ మాటతో మాకు ఒక ఆలోచన కలిగింది. ఆమెకు తోడుగా ఒక పిల్లిని తేవాలని, అదీ పిల్లకూనను కాక, మనుషుల మధ్య మెలగిన పెద్ద పిల్లిని తేవాలని నిర్ణయించుకున్నాము.

పెద్ద పిల్లి ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. కూన ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ అది రాత్రంతా గెంతుతుంది, తెరలు పాకుతుంది, నడిచేవారి కాళ్లకు అడ్డం పడుతుంది. మోకాళ్ల నొప్పులతో ఉన్న వృద్ధురాలికి అది తోడు కాకపోగా ప్రమాదం. పైగా కూన పెరిగి ఎటువంటి స్వభావం గలది అవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మూడు నాలుగేళ్ల పిల్లి స్వభావం స్థిరపడి ఉంటుంది. అది ఒడిలో కూర్చునేదా, దూరంగా ఉండేదా, ఇసుక పెట్టె వాడకం తెలిసినదా, పసిపిల్లలను సహించేదా అన్నవన్నీ చూసి తెలుసుకోవచ్చు. చక్కగా చూసుకుంటే ఇంటి పిల్లి పదిహేనేళ్లు, అంతకు మించి కూడా బతుకుతుంది. కనుక నాలుగేళ్ల పిల్లి ముసలిది కాదు, నడివయసుకు కూడా చేరనిది. అయినా ఆశ్రమాలకు వచ్చేవారి చేతులు ముందు కూనల వైపే చాస్తాయి. పెద్దవి వెనుకే ఉండిపోతాయి.

బొగ్గు ప్రాంతంలో మాకు తెలిసినంతలో పిల్లులకు ఆశ్రమం లేదు. ఆవు, గేదె, మేకలకు పశువైద్యశాలలు ఉన్నాయి. పిల్లిని అడిగేవారు తక్కువ. అందుచేత హైదరాబాద్‌లో వెదికాము. ఆ నగరంలో జంతు సంరక్షణకు మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అక్కినేని అమల నాయకత్వంలో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992లో ఆరంభమైంది. ఆ తరువాత చిన్నవీ పెద్దవీ మరెన్నో ఆశ్రమాలు వచ్చాయి. కొందరు తమ మేడ మీది గదినే ఆశ్రమంగా మార్చి నడుపుతున్నారు. మేము వెళ్లినది అటువంటి ఒక చిన్న చోటికే.

అక్కడ జాలీ తలుపుల గదిలో ఇరవైకి పైగా పిల్లులు ఉన్నాయి. మేము లోపల నేల మీద కూర్చోగానే కొన్ని అల్మరాల పైకి ఎక్కాయి, కొన్ని మూలలకు చేరాయి. బూడిద రంగు చారల ఆడపిల్లి ఒకటి మాత్రం తిన్నగా వచ్చి మా వదినగారి ఒడిలో ఎక్కి, రెండు మలుపులు తిరిగి, ముంగాళ్లతో ఆమె దుపట్టాను పిసుకుతూ గుర్రుమంటూ కూర్చుంది. దాని ఎడమ చెవి కొన కొంచెం కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయిందని దూరం నుండే తెలియడానికి పెట్టే గుర్తు అది. రేబిస్ టీకాతో పాటు పిల్లులకు వేసే ఇతర టీకాలూ పూర్తయ్యాయని అక్కడి అమ్మాయి పుస్తకం చూపింది. వయసు సుమారు నాలుగేళ్లు. ఒక కుటుంబం దానిని రెండేళ్లు పెంచి, ఉద్యోగరీత్యా ఊరు మారుతూ తిరిగి ఇచ్చివేసిందట.

"ఇది అందరి ఒడిలోనూ కూర్చుంటుంది అక్కా" అన్నదా అమ్మాయి. "అందుకే దీని విషయంలో నాకు భయం. ప్రేమగా ఉంటుందని తీసుకెళతారు. ఇల్లు మారేటప్పుడు ప్రేమ గుర్తుండదు."

తరువాత ఆమె అడిగిన ప్రశ్నలు ఒక వివాహ సంబంధానికి తగినన్ని ఉన్నాయి. ఇంటి కిటికీలకు జాలీ ఉందా? రోజూ తిండి పెట్టేది ఎవరు? జబ్బు చేస్తే వైద్యుని వద్దకు తీసుకెళ్లేది ఎవరు? చివరగా ఒక ప్రశ్న అడిగింది: "మీ అమ్మగారికి పెద్ద వయసు. ఆమె చూసుకోలేని రోజు వస్తే పిల్లి ఎవరి దగ్గరికి పోతుంది?" ఆమె ముందు పెట్టిన స్వీకరణ పత్రంలో ఆ పేరు రాయవలసిన గడి ఒకటి ఉంది. మేము ముగ్గురం ఫోనులో మాట్లాడుకుని కరీంనగర్‌లోని మా చిన్న చెల్లెలి పేరు రాశాము. డబ్బు తీసుకోలేదు. ఆశ్రమం ఖర్చులకు మా ఇష్టపూర్వకంగా కొంత ఇచ్చాము.

ఇక్కడ ఒక ధార్మిక విషయం ప్రస్తావించాలి. పిల్లిని అమ్మి సొమ్ము తీసుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. పండితులలో అధికులు ఇంటి పిల్లి క్రయవిక్రయాలను అనుమతించినా, కొందరు ఈ ఉల్లేఖనం ఆధారంగా వద్దన్నారు. ధర లేకుండా స్వీకరించడంలో ఆ భేదాభిప్రాయానికే తావు లేదు. ఇక శస్త్రచికిత్స విషయానికి వస్తే, ప్రయోజనం ఉన్నప్పుడు జంతువులకు అటువంటిది చేయించడంలో దోషం లేదని హనఫీ న్యాయశాస్త్ర గ్రంథాలు పేర్కొన్నాయి. సందేహం ఉన్నవారు తమకు తెలిసిన ఆలింలను అడిగి తెలుసుకోవచ్చు.

ఈ సంగతి అమ్మీకి చెప్పినప్పుడు ఆమె సంతోషిస్తారని ఎదురుచూశాము. కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత "మీకు బదులుగా పంపుతున్నారా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఫోనులో చెప్పదగిన జవాబు లేదు. నెలకు ఒకరి చొప్పున వంతు వేసుకుని, రెండేసి రోజులు కాసిపేటలో ఉండాలని ఆ రాత్రే ముగ్గురం తీర్మానించుకున్నాము. మరునాడు ఆ వరుసను ఆమెకు వినిపించాము. "సరే, మొదటి వంతు పిల్లితో కలిసి రండి" అన్నారు.

డిసెంబరు మాసపు ఉదయం బయలుదేరాము. పిల్లితో ప్రయాణం చేయదలచినవారికి కాలం ముఖ్యం. రామగుండం ప్రాంతపు ఎండలు రాష్ట్రంలోనే తీవ్రమైనవి. మే నెలలో మూసిన కారులో పిల్లిని తీసుకుపోవడం హింసతో సమానం. గాలి ఆడే గట్టి ప్లాస్టిక్ పెట్టె తీసుకున్నాము. అందులో ఆశ్రమంలో అది పడుకున్న పాత తువ్వాలునే పరిచాము. పరిచితమైన వాసన ఉంటే పిల్లి సగం నిబ్బరంగా ఉంటుంది. వాంతి కాకుండా బయలుదేరడానికి కొన్ని గంటల ముందు తిండి ఆపి, నీరు మాత్రం ఇచ్చాము. పెట్టె మీద పలుచని గుడ్డ కప్పి, సీటు బెల్టుతో కట్టాము. దారిలో ఎక్కడా పెట్టె తలుపు తీయలేదు. భయపడిన పిల్లి చేతిలోంచి జారితే రహదారి పక్కన దానిని తిరిగి పట్టడం అసాధ్యం.

రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటేవరకు అది సన్నగా అరుస్తూనే ఉంది. కరీంనగర్ చేరేసరికి అలసి నిద్రపోయింది. దిగువ మానేరు జలాశయం గట్టు పక్కన చెల్లెలు, ఆమె పిల్లలు మమ్మల్ని కలిశారు. పత్రంలో తన పేరు ఉన్న జీవిని ఆమె జాలీలోంచి చూసి, వేలు పెట్టి పలకరించింది. పెద్దపల్లి దాటాక ఆకాశంలో రామగుండం ఎన్‌టీపీసీ పొగగొట్టాలు కనిపించాయి. 1978లో శంకుస్థాపన జరిగిన ఆ కేంద్రం 2,600 మెగావాట్ల సామర్థ్యానికి ఎదిగింది. అక్కడ మండేది సింగరేణి బొగ్గే. దేశంలో ఏ మూలనో ఒక గదిలో దీపం వెలిగితే, దాని వెనుక మా నాన్నగారి వంటి వారు ఎత్తిన ఒక తట్ట ఉందని చిన్నప్పుడు మేము గర్వపడేవాళ్లం.

గోదావరిఖని వద్ద ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలు కొత్తగా మొలిచిన కొండల్లా కనిపిస్తాయి. లారీల వెనుక నల్లని దుమ్ము లేస్తుంది. ఆ తరువాత గోదావరి వంతెన వచ్చింది. శీతకాలపు నది నిశ్చలంగా, వెడల్పుగా ఉంది. నది దాటి మంచిర్యాల, అక్కడి నుండి జాతీయ రహదారి మీద మందమర్రి చేరాము. మందమర్రిలో పాత కాలనీ వైపు కారు మళ్లించాము. మేము పెరిగిన వరుసలో ఇప్పుడు కొన్ని క్వార్టర్లకు తాళాలు, కొన్నింటికి తలుపులే లేవు. ఒక గడప మీద తెల్లని పిల్లి ఒకటి కూర్చుని ఉంది. బొగ్గు ధూళితో దాని తెలుపు బూడిదగా మారింది. కారు ఆగగానే అది లేచి నిలబడింది. దిగింది తనవారు కాదని గ్రహించి తిరిగి కూర్చుంది.

బొగ్గు తవ్వే మనిషికి చిన్న ప్రాణుల రుణం పాతది. ఇంగ్లండు గనుల్లో విషవాయువును ముందుగా పసిగట్టడానికి కేనరీ పక్షులను లోపలికి తీసుకువెళ్లేవారు. కార్బన్ మోనాక్సైడ్ తాకిడికి మనిషి కంటే ముందే ఆ పిట్ట సొమ్మసిల్లేది, మనిషి బయటపడేవాడు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సూచించిన ఆ పద్ధతి 1986 వరకు కొనసాగింది. సొమ్మసిల్లిన పిట్టను తిరిగి బతికించడానికి పంజరానికే చిన్న ప్రాణవాయువు సిలిండరు అమర్చిన సందర్భాలూ ఉన్నాయి. తన ప్రాణం కాపాడినదాని ప్రాణం కాపాడాలని ఆ కార్మికులకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. పక్కపక్కన చీకటిలో పనిచేసినవారికి అది తెలుసు.

సాయంత్రం అసర్ వేళకు కాసిపేట చేరాము. అమ్మీ పెట్టెను వంటింటి పక్క గదిలో పెట్టించి, తలుపు తెరిచి, తాను దూరంగా పీట మీద కూర్చున్నారు. పిల్లి గంటసేపు బయటికి రాలేదు. ఎవరినీ పిలవనివ్వలేదు. "కొత్త కోడలిని మొదటిరోజే పాట పాడమంటారా?" అన్నారు. సిమెంటు పనికి వాడిన పాత ఇనుప తట్ట ఒకటి ఇంట్లో ఉంది. దానిలో బొంత మడిచి వేసి గది మూలన పెట్టారు. మగ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చేసరికి అది ఆ తట్టలో ముడుచుకుని పడుకుని ఉంది. అమ్మీ దాని వైపు చాలాసేపు చూశారు. ఆమె ఏమి తలచుకున్నారో మేము అడగలేదు.

మరునాడు ఉదయం ఫజ్ర్ వుజూ కోసం ఆమె నింపి పెట్టుకున్న బకెట్‌లో పిల్లి నాలుకతో నీరు తాగుతోంది. పొరుగింటి ఆవిడ చూసి ఆ నీరు పారబోయమన్నారు. అమ్మీ నవ్వి అదే నీటితో వుజూ చేసుకున్నారు. ఆ సందర్భానికి తగిన ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన కోడలు కబ్షా వుజూ కోసం పోసిన నీటిని ఒక పిల్లి తాగబోగా, అది తాగడానికి వీలుగా పాత్రను వంచి పట్టుకున్నారు. ఆమె ఆశ్చర్యంతో చూడగా, పిల్లి అశుద్ధం కాదనీ, అది మన మధ్య తిరుగాడే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు ఆమెకు చెప్పారు. ఇంటిలో నిత్యం మన చుట్టూ తిరిగేవారి సరసన దానికి ఇచ్చిన స్థానమిది.

ఇదే సందర్భంలో మరో మాట. నిద్రిస్తున్న పిల్లికి భంగం కలగకుండా దైవప్రవక్త (స) తన అంగీ చేతిని కత్తిరించుకున్నారనే కథ బహుళ ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్నవే మనకు చాలు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి తినే స్వేచ్ఛనూ ఇవ్వక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైనట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దప్పికతో నాలుక చాచిన కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి తాపినవాని పాపాలు క్షమించబడినట్లూ ఉంది. వేలాది హదీసులను మనకు అందించిన సహాబీ అబూ హురైరా (రజి) ఆ పేరుతో ప్రసిద్ధులైంది ఒక చిన్న పిల్లి వల్లనే.

పొరుగింటి ఆవిడకు మరొక సంకోచం కూడా ఉంది. ఆమె కుమారుడు బాయిలో పనిచేస్తాడు. షిఫ్టుకు బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురైతే కీడని ఆమె నమ్మకం. మన ధర్మంలో శకునాలకు చోటు లేదు. అయినా భూమి కిందికి కొడుకును పంపే తల్లి భయాన్ని ఎగతాళి చేయడం తగదని అమ్మీ అంటారు. అందుకే ఆ షిఫ్టు వేళకు ఆమె పిల్లిని లోపలి గదిలో ఉంచుతారు. "నేను నమ్మి కాదు, ఆమె మనసు కోసం" అంటారు. కొన్ని వారాల తరువాత ఆ అబ్బాయే షిఫ్టు నుండి వచ్చేటప్పుడు చేపల అంగడిలో తలలు, తోకలు అడిగి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు.

కొత్త ఇంటికి వచ్చిన పెద్ద పిల్లి విషయంలో అనుభవజ్ఞులు ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు అది భయపడుతుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుసుకుంటుంది, మూడు నెలలకు అది తన ఇల్లని నమ్ముతుంది. మా అనుభవమూ ఇంచుమించు అదే. ఈ గడువు తెలియక, రెండు రోజులు మంచం కింద దాక్కున్నదని తిరిగి అప్పగించేవారు ఉన్నారు. మరికొన్ని విషయాలు గృహిణులకు ఉపయోగపడవచ్చు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. నీరే మేలు. పిల్లి ప్రధానంగా మాంసాహారి. పెరుగన్నంతో దానిని పెంచలేము. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప వంటివి పెట్టాలి. ఉల్లి దానికి విషంతో సమానం. మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. ఏటా టీకా తప్పనిసరి. బొగ్గు ధూళి ఉన్న చోట తడిగుడ్డతో వారానికి రెండు మూడుసార్లు ఒళ్లు తుడవడం మంచిది. ఎందుకంటే అది తన ఒంటి ధూళినంతా నాలుకతోనే శుభ్రం చేసుకుంటుంది.

రాత్రివేళ దానిని ఇంటిలోనే ఉంచుతారు. మా వైపు అడవికి పెద్ద బంధువులు కూడా వస్తుంటారు మరి! 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటితమైన కవ్వాల్ అడవులకు మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి పులులు నడిచివచ్చే దారి ఈ చుట్టుపక్కల అడవుల గుండానే. పత్తి చేలలో పాదముద్రలు కనిపించినప్పుడు ఊరంతా కొన్నాళ్లు పొద్దుగూకకముందే ఇళ్లు చేరుతుంది. పులికైనా పిల్లికైనా చివరికి కావలసింది తనదైన ఒక చోటు. గనులు, రహదారులు, కాలనీలు పెరిగేకొద్దీ ఆ చోటే తగ్గిపోతోంది.

ముస్లిం సమాజాల చరిత్రలో ఈ చిన్న ప్రాణి కోసం చోటు కల్పించినవారు ఉన్నారు. 1260 నుండి 1277 వరకు ఈజిప్టును పాలించిన సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల పోషణ కోసం ఒక తోటను వక్ఫ్ చేశారని చెబుతారు. అదే కైరోకు చెందిన వ్యాకరణవేత్త ఇబ్నె బాబషాజ్ గురించి చరిత్రకారుడు ఇబ్నె ఖల్లికాన్ ఒక సంఘటన రాశారు. ఆయన మిత్రులతో మసీదు కప్పు మీద భోజనం చేస్తుండగా ఒక పిల్లి వచ్చింది. ముక్క వేస్తే నోట కరుచుకుని పోయి మళ్లీ వచ్చింది. అలా అనేకసార్లు జరిగింది. వెంబడించి చూస్తే అది ఆ ఆహారాన్ని ఒక గుడ్డి పిల్లికి చేరవేస్తోంది. నోరులేని జీవికి మరొక జీవి ద్వారా ఉపాధి చేరవేసే ప్రభువు తనను విడుస్తాడా అని తలచి ఆయన తన కొలువును వదిలి ఏకాంత జీవనాన్ని ఎంచుకున్నారు. ఆయన 1077లో మరణించారు. ఆ కథ విన్నప్పుడు అమ్మీ ఆయన గురించి ఏమీ అనలేదు. "గుడ్డిదాని దగ్గరికి రోజూ పోయింది చూడు" అన్నారు.

పెంచిన ప్రాణిని వదిలివేయడం మన దేశ చట్టంలోనూ నేరమే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో తగిన కారణం లేకుండా జంతువును విడిచిపెట్టడాన్ని క్రూరత్వంగా పేర్కొంది. అయితే ఖాళీ చేసిన క్వార్టర్ గడప మీద కూర్చున్న పిల్లి తరఫున పోలీసు స్టేషనుకు వెళ్లేవారు ఎవరు? ఆ లెక్క ప్రళయదినాన మన ముందు తెరవబడుతుంది. బదిలీ మీదనో, విరమణ తరువాతనో ఇల్లు మారే సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. లారీ మాట్లాడుకునేటప్పుడే ఒక జాలీ పెట్టె కూడా సమకూర్చుకోండి. నిజంగా వెంట తీసుకుపోలేని పరిస్థితి ఉంటే, బయలుదేరడానికి నెల ముందే దానికొక ఇల్లు వెదకండి. తెలిసిన మనిషి చేతిలో పెట్టి వెళ్లండి. మూసిన తలుపుకు అప్పగించి వెళ్లకండి.

కాసిపేటలో అమ్మీ దానికి ప్రత్యేకంగా పేరు పెట్టలేదు. బిల్లీబీ అంటారు. పొరుగున ఫాతిమాబీలు, ఖాసింబీలు ఉన్న వాడలో అదొక వింత పేరు కాలేదు. మా వంతుల వరుస ఇప్పటికీ నడుస్తోంది. ఎవరు వెళ్లినా ముందుగా పిల్లి, తరువాత అమ్మీ గుమ్మంలోకి వస్తారు.

గత రమజానులో ముగ్గురమూ ఒకేసారి వెళ్లినప్పుడు అమ్మీ తన ఇనుప పెట్టెలోంచి ఒక కాగితం తీసి చదివించారు. మసీదు ఇమాం గారి చేత రాయించిన వసీయత్ అది. అప్పులు లేవని రాయించారు. పొరుగింటివారిది ఒక కుట్టుమిషను తన వద్ద ఉందని, దానిని తిరిగి ఇవ్వాలని రాయించారు. అబ్బా పేరు మీద ఏటా మందమర్రి మసీదుకు పంపే సొమ్ము ఆపవద్దని రాయించారు. చివరి వాక్యం పిల్లి గురించి. అది చిన్న కూతురి ఇంటికి వెళ్లాలి, తట్టను, బొంతను దానితోపాటే పంపాలి, బొంతను ఉతకకుండా పంపాలి.

"ఎందుకు అమ్మీ, ఉతకకుండా?" అని చెల్లెలు అడిగింది.

"నా వాసన ఉంటుంది కదా, బేటా. కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు దానికి కావాలి."